చెరువు నీటి తీర్మానాన్ని గుట్టుగా ఉంచవచ్చా?

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మెట్ట ప్రాంత గ్రామం. ఊరి చెరువు కింద మాకు రెండెకరాల మాగాణి ఉంది. ఊరిని ఆనుకొని ఉన్న కొండలో ఇనుప ఖనిజం తవ్వుకోవడానికి, దాన్ని కడిగే ప్లాంటు పెట్టుకోవడానికి ఒక కంపెనీ వచ్చింది. చెరువు నీటిని, పంచాయతీ స్థలంలో వేయబోయే బోర్ల నీటిని ఆ కంపెనీకి ఇచ్చేందుకు పంచాయతీ తీర్మానం చేసిందని ఒక వార్డు సభ్యుడు చెప్పాడు. సర్పంచ్ గారు నాకు వరసకు చిన్నాన్న అవుతారు. వెళ్లి అడిగితే, విషయం బయటపెట్టకూడదని కంపెనీతో షరతు రాసుకున్నామని అన్నారు. కార్యదర్శి గారు మాత్రం ‘ఇదంతా పైనుంచి వచ్చింది’ అని తప్పుకున్నారు. ఆ తీర్మానం చూసే హక్కు నాకు ఉందా? కొందరు నేరుగా కోర్టుకు వెళ్లమంటున్నారు, మరికొందరు ఊళ్లో బతకాలంటే ఊరుకోమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: తీర్మానం చూసే హక్కు మీకు నిస్సందేహంగా ఉంది. దాన్ని ఎలా రాబట్టాలో కింద వివరిస్తాను. అయితే మీ ఉత్తరం చదివితే, ఆ తీర్మానం చేతికి వస్తే అంతా తేలిపోతుందనీ, అది దక్కకపోతే ఇక చేయగలిగింది ఏమీ లేదనీ మీరు అనుకుంటున్నట్లు తోస్తున్నది. వాస్తవం అలా లేదు. పంచాయతీ ఒక్కటే తీర్మానం చేసినంత మాత్రాన ఒక గనుల కంపెనీకి చెరువు నీరు దక్కదు. ఆ నీరు కదలడానికి ముందు మరో మూడు నాలుగు కార్యాలయాల్లో కాగితాలు పుట్టాలి, ఆ కాగితాల్లో ఎన్ని నీళ్లు, ఎక్కడి నుంచి, ఎంత కాలం అన్న వివరాలు అంకెలతో సహా ఉండాలి. మీ ఊళ్లో దాచిన కాగితం కోసం తలుపు తడుతూ ఉండగానే, దాని తోబుట్టువులాంటి కాగితాలు వేరేచోట అందరికీ కనబడేలా ఉండవచ్చు. కాబట్టి నా సలహా ఒక్కటే: గుట్టు వెంట పడకండి, నీటి వెంట నడవండి.

నీరు ఎవరి చేతిలో ఉందో ముందు తేల్చుకుందాం. ఆయకట్టు ఉన్న చెరువులో నీటిని సాగుకు కాక పరిశ్రమకు మళ్లించాలంటే జలవనరుల శాఖ నుంచి ఉత్తర్వు కావాలి. 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘం మీ చెరువుకు ఉంటే, ఆయకట్టుదారుగా మీరు అందులో సభ్యులే, కనుక మీ సంఘానికి ఏమైనా లేఖ వచ్చిందా అని అడగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. బోర్ల సంగతి వేరు. అవి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం పరిధిలోకి వస్తాయి, అనుమతి ప్రక్రియలో తహసీల్దారు కార్యాలయానికీ భూగర్భ జల శాఖకూ పాత్ర ఉంటుంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి గానీ బోరు గానీ వేయడంపై ఆ చట్టంలో కట్టడి ఉంది. మీ ఊరి రక్షిత మంచినీటి బోరు నుంచి ఆ పంచాయతీ స్థలం ఎంత దూరంలో ఉందో టేపు పెట్టి కొలవండి. ఇక గనికి, ప్లాంటుకు పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి వేర్వేరుగా ఉండాలి. ఇన్ని చోట్ల నుంచి రావలసిన నీటిని పంచాయతీ తానొక్కతే ‘ఇచ్చేసింది’ అంటే, అది తనకు లేని అధికారాన్ని వాడి ఉండాలి, లేదా కేవలం నిరభ్యంతర పత్రం ఇచ్చి ఉండాలి. రెండోదే ఎక్కువగా జరుగుతుంది. కంపెనీ ఆ పత్రాన్ని పై కార్యాలయాల్లో చూపించి, గ్రామస్థులకు అభ్యంతరం లేదని చెప్పుకొంటుంది. మీరు అడ్డుకోవలసింది ఆ మాటనే.

కార్యదర్శి గారు ‘పైనుంచి వచ్చింది’ అన్నారంటే తనకు తెలియకుండానే మీకు ఒక ఆచూకీ ఇచ్చారన్నమాట. పైనుంచి వచ్చింది ఏదైనా ఒక లేఖగానే వస్తుంది, ఆ లేఖకు ఒక నంబరు, తేదీ ఉంటాయి, అది పంచాయతీలోని ఇన్‌వర్డ్ రిజిస్టరులో నమోదవుతుంది. లేఖ ఏదీ లేదంటే పైనుంచి ఏమీ రాలేదని అర్థం.

ఇప్పుడు షరతు సంగతి. 2005 నాటి సమాచార హక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం, 1923 నాటి అధికార రహస్యాల చట్టం సహా ఇతర చట్టాల్లో దీనికి విరుద్ధంగా ఏమున్నా ఈ చట్టమే నిలుస్తుంది. సాక్షాత్తూ ఒక చట్టమే దీని ముందు నిలవనప్పుడు, పంచాయతీ, కంపెనీ కలిసి కాగితంపై రాసుకున్న షరతు నిలుస్తుందనడం హాస్యాస్పదం. దాచడానికి వారికి దొరకగల ఒకే ఒక్క గట్టి ఆధారం సెక్షన్ 8(1)(డి). వాణిజ్య గోప్యత, వ్యాపార రహస్యాలు వెల్లడైతే మూడో పక్షం పోటీ సామర్థ్యం దెబ్బతింటుందనుకుంటే సమాచారాన్ని నిరాకరించవచ్చని అది చెబుతుంది, అదే నోటితో విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలనీ చెబుతుంది. న్యాయంగా చూస్తే, కిలోలీటరుకు కంపెనీ ఎంత చెల్లిస్తుందన్న దానిపై ఒప్పందం కుదరక ముందు కొంతకాలం గోప్యత కోరడంలో అర్థం ఉండవచ్చు. చెరువులోంచి రోజుకు ఎన్ని నీళ్లు పోతాయన్నది మాత్రం వ్యాపార రహస్యం ఎంతమాత్రం కాదు. కంపెనీని మూడో పక్షంగా చూపి, సమాచారం ఇవ్వవలసిన అధికారి మూడో పక్షం మాట వినాలనే 11వ సెక్షన్ ఎత్తుకుంటే కంగారు పడకండి. ఈ చట్టం కింద మీరు పెట్టే దరఖాస్తు అందిన 5 రోజుల్లో ఆయన కంపెనీకి నోటీసు ఇవ్వాలి, నోటీసు అందిన 10 రోజుల్లో కంపెనీ తన మాట చెప్పుకోవాలి, మొత్తం 40 రోజుల్లో నిర్ణయం జరగాలి. కంపెనీ వద్దన్నంత మాత్రాన ఇవ్వకూడదని ఎక్కడా లేదు, నిర్ణయం అధికారిదే. ఒకటి రెండు వాక్యాలు నిజంగా రహస్యమే అనుకున్నా, 10వ సెక్షన్ కింద వాటిని కప్పేసి మిగతా కాగితం ఇవ్వాలి.

దరఖాస్తు రాసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఆవేశంతో ప్రశ్నలు గుప్పించడం. ‘రైతుల పొట్టకొట్టి కంపెనీకి నీళ్లు ఎందుకు ఇస్తున్నారు’ అని అడిగితే, కారణాలు చెప్పడం మా పని కాదని ఒక్క వాక్యంతో తిప్పి పంపుతారు. ఈ చట్టం కింద దొరికేది రికార్డులో ఇప్పటికే ఉన్న సమాచారం, అందువల్ల కాగితాన్ని పేరు పెట్టి అడగాలి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జరిగిన పంచాయతీ సమావేశాల ఎజెండా నోటీసులు, హాజరు సంతకాలు, తీర్మానాల పుస్తకంలోని పేజీల నకళ్లు, కంపెనీ పేరుతో వచ్చిన దరఖాస్తులు, ఇచ్చిన నిరభ్యంతర పత్రాలు, కుదుర్చుకున్న ఒప్పందాలు, వాటికి సంబంధించి పై కార్యాలయాలతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు, ఇన్‌వర్డ్, అవుట్‌వర్డ్ రిజిస్టర్ల పేజీలు అని రాయండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనవసరం లేదని చట్టంలోనే ఉంది, మీరూ చెప్పకండి. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దరఖాస్తును స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, చేతికిస్తే నకలుపై సంతకం, తేదీ, ముద్ర వేయించుకోండి. ఇదే విధంగా జలవనరుల శాఖ, తహసీల్దారు కార్యాలయం, భూగర్భ జల శాఖ, గనుల శాఖ, కాలుష్య నియంత్రణ మండలికి విడివిడిగా పంపండి. ఒకరికి పంపిన దరఖాస్తు మరొకరి పరిధిలోనిదైతే 5 రోజుల్లో అక్కడికి బదిలీ చేయవలసిన బాధ్యత వారిదే అయినా, ఆ బదిలీలో కాలం కరిగిపోకుండా మీరే నేరుగా రాయడం మేలు.

నకళ్లతో సరిపెట్టుకోకుండా, తీర్మానాల పుస్తకాన్ని స్వయంగా తనిఖీ చేస్తానని కూడా అదే దరఖాస్తులో కోరండి. రికార్డులు చూసే, రాసుకునే హక్కు చట్టంలో స్పష్టంగా ఉంది, మొదటి గంటకు రుసుము లేదు. నకలులో కనబడనివి పుస్తకంలో కనబడతాయి. ఆ తీర్మానం ఏ రెండు తీర్మానాల మధ్య ఇరుక్కుని ఉంది, వరుస సంఖ్య సరిగా నడుస్తున్నదా, చేతిరాతో సిరానో మారిందా, సమావేశం నోటీసులో ఆ అంశం అసలు ఉందా, సంతకాలు పెట్టిన సభ్యులు ఆ రోజు హాజరైనట్లు నమోదైందా అని చూడండి. సమావేశం ముగిశాక మిగిలిన ఖాళీలో తీర్మానం చేర్చారన్న ఫిర్యాదులు పంచాయతీలకు కొత్త కావు. మీకు కబురు చెప్పిన వార్డు సభ్యుడు దీనిపై సంతకం పెట్టారో లేదో కూడా అడగండి, ఆయన చెప్పే జవాబు ముందుముందు పనికొస్తుంది.

నా దృష్టిలో అసలు సమాచారపు గని మరొకచోట ఉంది. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ నిర్వహించే పరివేష్ పోర్టల్‌లో గనుల అనుమతి దరఖాస్తులు, ప్రభావ అంచనా నివేదికలు, ప్రజాభిప్రాయ సేకరణ వివరాలు, అనుమతి పత్రాలు ఉంటాయి. జిల్లా, ఖనిజం, కంపెనీ పేరుతో వెతకండి. ఆ నివేదికలో నీటి అవసరం ఎంత, దాన్ని ఎక్కడి నుంచి తెస్తారు అన్న భాగం ఉండి తీరాలి. అక్కడ అంకె కేఎల్‌డీ అనే కొలతలో, అంటే రోజుకు ఎన్ని వేల లీటర్లు అన్న లెక్కలో ఉంటుంది. అదే జలవనరుల శాఖ కాగితంలో సంవత్సరానికి మిలియన్ ఘనపుటడుగులుగా, పంచాయతీ తీర్మానంలో ‘రోజుకు కొన్ని ట్యాంకర్లు’గా మారిపోవచ్చు. మూడు చోట్ల మూడు కొలతలు ఉన్నంత కాలం మూడూ ఒకటేనా కాదా అని ఎవరికీ అనుమానం రాదు. ఉదాహరణకు 300 కేఎల్‌డీ అని రాసి ఉందనుకోండి. రోజుకు 3 లక్షల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే 60. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అని పెట్టుకున్న ప్రమాణంతో చూస్తే దాదాపు 5,450 మంది నీళ్లు. ఏడాది పొడవునా తీస్తే 1,09,500 ఘనపు మీటర్లు, అంటే సుమారు 3.9 మిలియన్ ఘనపుటడుగులు. వరి పంటకు మొత్తం 1,200 మిల్లీమీటర్ల నీరు అనుకుంటే అది 22 ఎకరాలకు పైగా పారే నీరు. మీ చెరువు సామర్థ్యం ఎంతో, ఆయకట్టు రిజిస్టరులో ఎన్ని ఎకరాలు ఉన్నాయో పక్కన పెట్టి చూస్తే, కంపెనీ అడిగింది చెరువుకు చిన్న భారమో పెద్ద భారమో మీకే తెలుస్తుంది. చిన్న భారమే అని తేలితే దాన్నీ ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉండండి. లెక్క చూడకుండా ‘చెరువు ఎండిపోతుంది’ అని కేకలు వేసిన ఉద్యమాలను మొదటి సమావేశంలోనే ఒక ఇంజనీరు పక్కకు తోసేయగలడు.

అంకెలు పొంతన కుదరని చోటే మీ బలం ఉంటుంది. పర్యావరణ నివేదికలో నీటి వనరు బోర్లు అని రాసి, జలవనరుల శాఖకు చెరువు అని రాసి ఉంటే, ఎవరో ఒకరికి తప్పు సమాచారం ఇచ్చినట్లే. అనుమతి పొందడానికి తప్పుడు సమాచారం ఇచ్చినా, ముఖ్యమైన సమాచారం దాచినా ఆ అనుమతి రద్దు కావచ్చని 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లోనే ఉంది. ఆ నోటిఫికేషన్‌కు తర్వాత చేసిన సవరణ ప్రకారం, అనుమతి పత్రం నకలును కంపెనీ స్థానిక పంచాయతీకి అందజేయాలి, అందిన పంచాయతీ దాన్ని 30 రోజుల పాటు ప్రదర్శించాలి. మీ చిన్నాన్న గారు బయటపెట్టకూడదంటున్న వ్యవహారంలో ఒక ముఖ్యమైన కాగితాన్ని గోడకు అంటించవలసిన బాధ్యత ఆయన కార్యాలయానిదే.

గని గుంతలోకి ఊరే నీటిని మరవకండి. తవ్వకం భూగర్భ జలమట్టం కంటే కిందికి దిగితే గుంతలో నీరు ఊరుతుంది, దాన్ని తోడిపోస్తేనే పని సాగుతుంది, అలా తోడుతూ పోతే చుట్టుపక్కల బావుల్లో మట్టం పడిపోతుంది. ఈ నీటిని కంపెనీ ‘వాడుకున్నది’ కాదు కనుక నీటి అవసరం అనే గడిలో ఇది కనబడకపోవచ్చు. జలమట్టం ఎంత లోతున ఉందని, గుంత ఎంత లోతు వరకు పోతుందని నివేదిక చెబుతున్నదో చూసి పక్కపక్కన రాసుకోండి. అంతకంటే ముఖ్యంగా, తవ్వకం మొదలు కాకముందే మీ ఊరి బావులు, బోర్లలో నీటి మట్టం ఎంత ఉందో నెలకోసారి కొలిచి, తేదీతో, ఇద్దరు సాక్షుల సంతకాలతో పుస్తకంలో రాసి పెట్టండి, దగ్గర్లోని భూగర్భ జల శాఖ ఫీజోమీటరు (జలమట్టం కొలిచే గొట్టపు బావి) లెక్కలు అడిగి తెప్పించుకోండి. కేరళలో పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడ వద్ద కోకాకోలా కర్మాగారం విషయంలో, 2000లో తానే అనుమతి ఇచ్చిన పెరుమట్టి పంచాయతీ 2003లో లైసెన్సు పునరుద్ధరించడానికి నిరాకరించింది, 2004 మార్చిలో ఉత్పత్తి ఆగిపోయింది. ఇచ్చిన పంచాయతీయే వెనక్కి తీసుకోగలదన్నదానికి అదొక మంచి ఉదాహరణ. అయితే 2003లో పంచాయతీ వైపు మొగ్గిన హైకోర్టే, 2005లో డివిజన్ బెంచి తీర్పులో కంపెనీ రోజుకు 5 లక్షల లీటర్ల వరకు తోడుకోవచ్చని చెప్పింది. పాత మట్టం ఎంతో చూపించే పుస్తకం లేకపోతే, బావి ఎండింది గని వల్లా, వాన లేకపోవడం వల్లా అన్న ప్రశ్న దగ్గరే వాదన ఆగిపోతుంది.

చిన్నాన్న గారి విషయం. దరఖాస్తు పోస్టులో వేయడానికి ముందు ఒకసారి ఇంటికి వెళ్లి, ఫలానా కాగితాలు అడగబోతున్నానని ఆయనకే చెప్పండి. అది మర్యాద, పైగా ఉపయోగం కూడా. ఆయన స్వయంగా ఏదో లాభం పొందారని తేలే వరకు ఆ మాట ఎవరి దగ్గరా అనకండి, ఎందుకంటే కాగితం తెచ్చి పెట్టి సంతకం చేయమంటే చేసే సర్పంచులు చాలామంది ఉంటారు, దానిలో ఏముందో ఆయనకూ పూర్తిగా తెలియకపోవచ్చు. తప్పించుకునే దారి ఒకటి ఆయనకు మిగల్చాలి. ఆ దారి గ్రామసభ. రాజ్యాంగంలోని 243ఎ అధికరణం గ్రామసభకు స్థానం ఇచ్చింది, పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో చిన్న నీటిపారుదల, తాగునీరు కూడా ఉన్నాయి. ఆయకట్టు రైతుల చేత, తాగునీటి బోరుపై ఆధారపడిన మహిళల చేత విడివిడిగా అర్జీలు రాయించి, ఈ అంశాన్ని తదుపరి గ్రామసభ ఎజెండాలో చేర్చమని కోరండి. తీర్మానాన్ని పునఃపరిశీలించమని గ్రామసభ కోరితే, ‘ఊరు అడిగింది కాబట్టి’ అని ఆయన వెనక్కి తగ్గవచ్చు. మీ ఒక్కరి పేరుతోనే అన్నీ నడపకండి. సమాచార హక్కు దరఖాస్తులు కూడా నలుగురైదుగురు, వారిలో కొందరు ఊరి బయట ఉంటున్నవారు, వేర్వేరుగా వేస్తే ఎవరో ఒక్కరిపై ఒత్తిడి పడదు. మీ గ్రామం షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంటే 1996 నాటి పెసా చట్టంతో (పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన చట్టం) గ్రామసభ బలం చాలా పెరుగుతుంది, మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు కనుక మైదాన ప్రాంతమే అనుకుని రాస్తున్నాను.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, అసంపూర్తిగా వచ్చినా, తర్వాతి 30 రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు. గడువు దాటి ఇస్తే నకళ్ల రుసుము తీసుకోకూడదు, కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. కమిషన్ దగ్గర చాలా కాలం పట్టవచ్చు కాబట్టి, ఒక్క పంచాయతీ జవాబు కోసం మిగతా పనులన్నీ ఆపుకోవద్దు.

కోర్టుకు వెళ్లమన్నవారి మాట తప్పు కాదు, కాకపోతే ఏ కోర్టుకు, ఏ కాగితంపై, ఎప్పుడు అన్నది వారు చెప్పి ఉండరు. తిరుపతిలోని అవిలాల, పేరూరు చెరువుల భూములను నిర్మాణాలకు ఇచ్చిన వ్యవహారంలో సుప్రీంకోర్టు 2006లో, ఇలాంటి ప్రకృతి వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త అన్న సూత్రాన్ని గట్టిగా చెప్పింది. మీ న్యాయవాదికి ఆ తీర్పు బాగా పనికొస్తుంది. కానీ అప్పటికే కట్టడాలు చాలా దూరం వచ్చేయడం వల్ల, ఇకపై కట్టవద్దని, మిగిలిన నీటి వనరును కాపాడాలని షరతులు పెట్టడానికే అక్కడ కోర్టు పరిమితం కావలసి వచ్చింది. పర్యావరణ అనుమతిపై చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనానికి అప్పీలు చేయడానికి గడువు 30 రోజులే, తగిన కారణం చూపితే మరో 60 రోజులు, అంతకు మించి లేదు. చెరువు నీటి మళ్లింపు ఉత్తర్వుపైనో, పంచాయతీ తీర్మానంపైనో అయితే హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు. న్యాయవాది ఖర్చు భరించలేని రైతులు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. మీ ఉత్తరంలో లేని విషయం, మీరు వెంటనే తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది: పర్యావరణ అనుమతి ఇప్పటికే వచ్చిందా, వస్తే ఏ తేదీన? సమాచార హక్కు దరఖాస్తు రాయడానికి కూర్చునే ముందే పరివేష్‌లో ఆ తేదీ చూడండి. ఇంకా రాకపోతే, ప్రజాభిప్రాయ సేకరణ జరగవలసిన ప్రాజెక్టే అయితే, దానికి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన వస్తుంది, అక్కడ మీరు చెప్పే ప్రతి మాటా వీడియోలో నమోదవుతుంది, మీరు లెక్కించిన అంకెలను రాతపూర్వకంగా కూడా ఇవ్వవచ్చు. వచ్చేసి ఉంటే, ఆ తేదీ నుంచి ఎన్ని రోజులు గడిచాయో లెక్కపెట్టుకుని ఈ వారంలోనే న్యాయవాదిని కలవండి.